అడవి ఆముదాన్ని తొక్కేసింది పెట్రోలు కంపెనీలు కాదు

వాట్సాప్‌లో పాత మెసేజ్ ఒకటి మళ్లీ తిరుగుతోంది. అడవి ఆముదం, అదే జట్రోఫా, బంజరులో నీళ్లు లేకుండా పెరుగుతుందట. పశువులు ముట్టవట, గింజలో మూడో వంతు నూనేనట. దాంతో విమానం కూడా ఎగిరిందట. అయినా పెట్రోలు కంపెనీలు తొక్కేశాయట.

"నీళ్లు అక్కర్లేదు." బతకడానికి అక్కర్లేదు, కాయడానికి కావాలి. ఎండలకు ఆకు రాల్చేసి ప్రాణం నిలుపుకునే మొక్క అది. ఆకే లేకపోతే గింజలోకి నూనె ఎక్కణ్నుంచి వస్తుంది? 2003లో ప్రణాళికా సంఘం కమిటీ హెక్టారుకు 2,500 మొక్కలు, మొక్కకు కిలోన్నర గింజలు అని లెక్క వేసింది. వర్షాధారపు బంజర్లలో ఆ కిలోన్నర రాలేదు. డీజిల్‌లో 20 శాతం ఇలాంటి నూనెలతో చేసిన బయోడీజిల్ కలపాలన్న గడువు మొదట 2011-12, తర్వాత 2017. 2018 జాతీయ జీవ ఇంధన విధానానికి వచ్చేసరికి 2030కల్లా 5 శాతం చాలన్నారు.

"మూడో వంతు నూనె." నిజమే, కానీ రైతుకు పని ఎకరా దిగుబడితో. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. జట్రోఫా పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. మన దగ్గరున్న మొక్కల్లో జన్యు వైవిధ్యం చాలా తక్కువ. ఏరుకోవడానికి తేడాలుంటేనే కదా మంచి రకం తయారయ్యేది! పూగుత్తి చూడండి, ఒక్క ఆడ పువ్వుకు మగ పూలు పదికి పైనే. కాయలూ ఒక్కసారి పండవు. ఒకే గుత్తిలో ఒకటి పచ్చగా, ఒకటి పసుపు తిరిగి, ఇంకోటి నల్లగా ఎండి ఉంటాయి. అంటే ఒకే చేనుకు మళ్లీ మళ్లీ కూలీలు.

మన మామూలు ఆముదం కథ వేరు. గెలలో కింద మగ పూలు, పైన ఆడ పూలు. గెలంతా ఆడ పూలే వచ్చే మొక్కల్ని పట్టుకుని, వాటిని తల్లిగా పెట్టి 1960ల చివర్లో గుజరాత్‌లో జీసీహెచ్-3 హైబ్రిడ్ తెచ్చారు. ఆ తర్వాత జీసీహెచ్-4. జట్రోఫాకు ఈ పని జరగనేలేదు, అడవి మొక్కను అలాగే తెచ్చి చేలల్లో పెట్టించారు.

"పశువులు ముట్టవు." విషం కాబట్టే ముట్టవు! నూనె తీశాక మిగిలే చెక్కలోనూ ఫోర్బాల్ ఎస్టర్లనే విష పదార్థాలు ఉంటాయి కాబట్టి గేదెకు పెట్టలేం, ఎరువుగా వేసుకోవాల్సిందే.

విమానం సంగతి నిజమే. 2018 ఆగస్టులో స్పైస్‌జెట్ డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి నడిపింది. మామూలు ఇంధనంలో కొంత కలిపారంతే. ఆ నూనె మండుతుందా అని ఎవరూ అడగలేదు లెండి.

ఇక తొక్కేయడం. 2007లో బ్రిటన్ చమురు దిగ్గజం బీపీయే, డీ1 ఆయిల్స్ అనే జీవ ఇంధన కంపెనీతో కలిసి జట్రోఫాలో డబ్బు పెట్టి, 2009లో తప్పుకుంది. ఛత్తీస్‌గఢ్‌లో ఇండియన్ ఆయిల్, హెచ్‌పీసీఎల్ స్వయంగా దిగాయి. తొక్కేసేవాళ్లు తోటలు వేస్తారా?

"పోనీ, ఆముదంతోనే డీజిల్ చేయొచ్చుగా?" ఆ నూనెలో 85-90 శాతం రిసినోలిక్ ఆమ్లం. డీజిల్ ఇంజన్‌కు అది మరీ చిక్కన. ఆ ఆమ్లం వల్లే లూబ్రికెంట్లకూ, నైలాన్-11 అనే ప్లాస్టిక్ తయారీకీ ఆముదానికి గిరాకీ. అంత ధర పలికే నూనెను ట్యాంకులో ఎవరు పోస్తారు? పాలమూరు ఆముదం రైతుకు కావాల్సింది ముసురు పట్టినప్పుడు గెలను కుళ్లబెట్టే బూజు తెగులును తట్టుకునే రకం.