భుజం మీద 83 అని ముద్ర వేసుకున్న ట్యాంకు గారికి

గౌరవనీయులైన అల్యూమినియం ట్యాంకు గారికి,

మీ మోతగాడు నమస్కరించి వ్రాయునది. నడుం పట్టేసింది కాబట్టి పూర్తిగా వంగలేకపోతున్నాను, క్షమించాలి. మీరు ఖాళీ కడుపుతోనే పద్నాలుగు కిలోలు. నిన్న తెల్లవారుజామున, మీలో డైవింగ్‌కి గాలి నింపించాలని, మిమ్మల్ని భుజానేసుకుని విశాఖ బస్సెక్కడానికి శ్రీకాకుళం కాంప్లెక్స్‌కి వెళ్లాను. రాత్రి తొమ్మిదిన్నరకి అదే ఖాళీ కడుపుతో తెచ్చి మా అరుగు మీద దించాను. మధ్యలో మనిద్దరికీ జరిగిన మర్యాదలకు మీరు ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. అందుకే ఈ ఉత్తరం.

కండక్టరుతో మొదలైంది. "గ్యాస్ బండలు బస్సులో ఎక్కించకూడదు, దించీండి" అన్నాడు. బండ కాదండీ, గాలి సిలిండరు అన్నాను. "గాలికి బండెందుకండీ, ఊరికే వస్తాది కదా" అన్నాడు. బస్సంతా నవ్వింది. వాల్వు తిప్పి లోపల ఏమీ లేదని చూపించాక మీకూ ఒక టికెట్ కొట్టాడు. రణస్థలం దాటేదాకా పక్క సీటు మామ్మ మిమ్మల్ని తట్టి "పాలకేనేటి బాబూ?" అని అడుగుతూనే ఉంది. చివరికి ఔనన్నాను. ఆ టైములో అదే సుఖం.

ఇదంతా ఎందుకు భరించానంటే, మీ మీద ఆశ. గల్ఫ్‌లో డైవింగ్ బోటు మీద పనిచేసే మా బావ మిమ్మల్ని దుప్పట్లు, ఖర్జూరాలతో పాటు కార్గోలో పంపాడు. "మూడు డైవులకోసారి అద్దె ఎందుకు కడతావు బామ్మర్దీ, సొంత ట్యాంకుంటే బారువ ఎల్లి ఆ మునిగిన ఓడ సూసొచ్చీవచ్చు" అన్నాడు. మీరూ అలాగే కనిపించారు. ఒంటి మీద సొట్ట లేదు. పసుపుపచ్చ రంగు ధగధగ. ఆ రంగు బావ బ్రష్షుతో వేసిందని, మా పెరటి గేటుకు వేసినట్టే చారలు తేలిందని, విశాఖ ఎండలో పెట్టాక గానీ తెలియలేదు.

గాలి నింపే చోట ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల కుర్రాడున్నాడు. మిమ్మల్ని చూడగానే కంప్రెసర్ వైపు పోలేదు. గోరుతో మీ భుజం మీద రంగు గీకాడు. కింద ముద్ర బయటపడింది: 11, 83. అంటే 1983 నవంబరు. "అన్నా, ఇది నాకన్నా పెద్దది" అన్నాడు. తర్వాత, "నింపం."

నాకు మండింది. టెస్టు పాసైందయ్యా, స్టిక్కరుంది చూడు అన్నాను. సగం ఊడిన స్టిక్కరు. వాడు ఓపిగ్గా వాల్వు విప్పి, టార్చి వేసి, పంటి డాక్టరు వాడే చిన్న అద్దం మీ మెడలో దించి, వాల్వు బిగించే మరలు చూపించాడు. ఉంగరాలు ఉంగరాలుగా వెండిలా మెరిశాయి. నాకేమీ కనపడలేదు. "అదే అన్నా, కనపడదు" అన్నాడు.

అక్కడ బయటపడింది మీ గోత్రం. 6351 అనే అల్యూమినియం మిశ్రమమట. అమెరికాలో 1980ల చివరికల్లా తయారీదారులు దాన్ని వదిలేసి 6061 అనే మరో మిశ్రమానికి మారారు. ఎందుకు మారారంటే, మీ వంశంలో ఒక జబ్బుంది. లోపల ఒత్తిడి నిలబడి ఉంటే చాలు, మెడ మరల దగ్గర సన్నని పగులు పుట్టి ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగుతుంది. వాడక్కర్లేదు, పడెయ్యక్కర్లేదు. మూల గదిలో నిండుగా నిలబెట్టినా సాగుతూనే ఉంటుంది. ఇక ఆ స్టిక్కరు చెప్పే నీటి ఒత్తిడి పరీక్ష సంగతి. 3000 పీఎస్‌ఐ (అది ఒత్తిడి కొలత) ట్యాంకుకి 5000 పెట్టి ఒళ్లు ఎంత ఉబ్బి మళ్లీ సర్దుకుందో చూస్తారు. ఒళ్లు బాగానే సర్దుకుంటుంది. మెడలో పగులు ఆ పరీక్షకు దొరక్కుండా జారిపోవచ్చు. అందుకే మీవాళ్లకు మెడ మరల్లో ఎడ్డీ కరెంట్ పరీక్ష, అంటే కరెంటుతో పగుళ్లు పట్టే పరీక్ష, కూడా చెయ్యాలని 2007 నుంచి అమెరికాలో నియమం పెట్టారు. మన దగ్గర అసలు నాగపూర్‌లోని పెసో వాళ్ల, అంటే పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ వాళ్ల, ఆమోదం లేని సిలిండర్ నింపడమే నేరం. ఆ ముక్క బావ ఖర్జూరాల కింద ఎక్కడో మర్చిపోయాడు.

సరే, లక్షల్లో తయారైనవాటిలో పగిలినవి కొన్నే. ఆ కొన్నింటిలో మీరు లేకపోవచ్చు. నేనూ అదే వాదించాను. నీళ్లలోకి దిగేది నేను, నీకేం పోయింది అన్నాను కూడా.

వాడు జవాబివ్వకుండా వేరేవాళ్ల ట్యాంకుకి గొట్టం బిగించాడు. ముల్లు మెల్లగా పైకి పోతోంది. వెయ్యి, పదిహేను వందలు. నింపుతుంటే వేడెక్కుతుంది కదా, ఎంత వేడెక్కిందో చూడ్డానికి ట్యాంకు భుజం మీద అరచెయ్యి ఆనించాడు, జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు. మొహానికీ ఆ మెడకీ మధ్య మూరెడు దూరం. పగిలేవాటిలో ఎక్కువ నింపుతున్నప్పుడే పగులుతాయని అప్పుడు చెప్పాడు, ముల్లు మీంచి కళ్లు తియ్యకుండా.

ట్యాంకు గారూ, మీ మీద నా మర్యాద ఇక్కడితో అయిపోయింది.

నువ్వు నన్నేం చెయ్యవు. నేను నిన్ను మోసుకొచ్చి టీ తాగడానికి రోడ్డు దాటిపోతాను. నీ పక్కన నిలబడేది వాడు. నిండా కూరితే నీ లోపలుండేది పది టన్నుల లారీని ఒక అంతస్తు ఎత్తు లేపేంత శక్తి. రంగు వేయించుకున్నది నువ్వు, పంపింది మా బావ, ఓడ చూడాలని సరదా పడింది నేను, చెయ్యి పోతే పోయేది నెల జీతానికి గొట్టాలు బిగించే కుర్రాడిది. సిగ్గులేదూ నీకు? నాకు లేదనుకో, అది వేరే సంగతి. ఎందుకంటే అప్పటికీ నేను ఊరుకోలేదు.

సాయంత్రం తిరిగొచ్చాక బైపాస్ పక్క పంక్చర్ షాపులో ఆగాను. "ఎంత కొట్టమంటారు?" అన్నాడు. 3000 అన్నాను. "లారీ టైరుకే నూటిరవై బాబూ, మీదేటి విమానమా?" అన్నాడు. కానీ మంచివాడు, వదల్లేదు. "మా మావ ఆక్సిజన్ బండలు నింపే కాడ పన్జేస్తాడు. ఆడు మెడా గిడా సూడడు." బావకి ఫోన్ చేస్తే, "అదే మంచిది, అక్కడికెల్లు" అన్నాడు. ఉత్త ఆక్సిజన్‌తో ఆరు మీటర్లు దాటితే నీళ్లలో ఫిట్స్ వచ్చి పోవచ్చు అని డైవింగ్ నేర్చుకున్న మొదటి వారమే చెప్తారు. బావ పదేళ్లుగా ఆ బోటు మీదే ఉన్నాడు. అయినా నేను ఒక నిమిషం ఆలోచించాను. నిజం రాస్తున్నాను, ఒక నిమిషం.

అప్పుడు పంక్చరాయన నిన్ను ఒళ్లోకి లాక్కుని, మెడ దగ్గర మసి చేత్తో తుడిచాడు. మూరెడు దూరం.

ఇవాళ పొద్దున్న వెల్డింగ్ షాపుకి తీసుకెళ్లాను. వాల్వు తీసేయించి, పొట్టలో డ్రిల్లు పెట్టించాను. నీ లోహం బాగుంది, ఒప్పుకుంటాను. తురుము చుట్టలు చుట్టలుగా, జీళ్లపాకంలా వచ్చింది. చిల్లు పడ్డాక సుత్తితో ఒక దెబ్బ వేస్తే గుడిగంటలా మోగావు. వెల్డరు రెండోసారీ కొట్టాడు, వినడానికే. పాత సామాన్ల వాడు తూకానికి వేస్తానంటే, ఇంకో రెండు రోజులు అరుగు మీద ఉండనీ అని ఎందుకన్నానో నాకే తెలీదు.

ఇంటికొచ్చేసరికి బావ ఫోను.

"నింపించీసినావేటి?"

"చిల్లు పెట్టించాను."

కాసేపు గల్ఫ్ గాలి చప్పుడే వినిపించింది. తర్వాత గొంతు తగ్గించి, "అయితే బామ్మర్దీ, నీకో మాట. దాని జత ఇంకోటుందిరా. అది నిన్ననే కార్గో ఎక్కీసింది" అన్నాడు.

ఇట్లు,
మీ మోతగాడు