‘అమెరికా వెళ్ళే మన పిల్లలకు తొమ్మిది సూత్రాలు’: ఆ ఫార్వర్డుకు నా జవాబు

జులై రాగానే ఆ మెసేజ్ మళ్ళీ బయలుదేరింది. “అమెరికా వెళ్ళే మన పిల్లలకు తొమ్మిది సూత్రాలు, తప్పక షేర్ చేయండి” అన్న శీర్షికతో, చివర నాలుగు దండాల బొమ్మలతో, ఈ నెలలో ఇప్పటికే ఆరుగురు నాకు పంపారు. అందులో ఒకరు, నేను ఎంఎస్ చదవడానికి పన్నెండేళ్ళ క్రితం ఇక్కడికే వచ్చానని బాగా తెలిసిన మా బాబాయి. పెద్దవారితో వాదన ఎందుకని రెండేళ్ళు ఊరుకున్నాను. ఈసారి మా మేనకోడలు అదే మెసేజ్‌ను ప్రింటు తీసి, వీసాకు యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రంతో పాటు ఫైల్లో పెట్టుకుందని తెలిశాక రాయక తప్పలేదు.

“దిగిన మర్నాడే సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు వెళ్ళి నంబరు తెచ్చుకోండి, అది లేనిదే బ్యాంకు ఖాతా కూడా రాదు” అన్నది మొదటి సూత్రం. వెళ్ళవచ్చు, వరుసలో నిలబడవచ్చు, ఉత్త చేతులతో తిరిగి రావచ్చు. ఎఫ్-1, అంటే చదువు వీసా మీద వచ్చిన విద్యార్థికి ఉద్యోగం ఉన్నట్టు చూపనిదే, జీతానికీ పన్నుకీ వాడే ఆ నంబరు ఇవ్వరు. క్యాంపస్‌లో పని దొరికాక, పని ఇచ్చిన విభాగం నుంచి ఒక ఉత్తరం, అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం నుంచి మరొకటి పట్టుకుని అప్పుడు వెళ్ళాలి. పాస్‌పోర్టు, ఐ-20, దేశంలో అడుగుపెట్టినట్టు రికార్డు చేసే ఐ-94, చిరునామా రుజువు చూపితే ఆ నంబరు లేకుండానే చాలా బ్యాంకులు ఖాతా తెరుస్తాయి. మొదటి వారంలో నిజంగా చేయవలసిన పని యూనివర్సిటీలో హాజరు నమోదు చేయించుకోవడం. వారు విదేశీ విద్యార్థుల వివరాలుంచే ప్రభుత్వ వ్యవస్థ సెవిస్‌లో మీ పేరు గడువులోగా నమోదు చేయకపోతే వీసా హోదాకే ఎసరు. తొమ్మిది సూత్రాలలో ఈ మాట ఒక్కచోట కూడా లేదు.

మూడు నెలలకు సరిపడా సన్నబియ్యం తెచ్చుకోమన్నది రెండవది. నిల్వ ధాన్యాన్ని తినే ఖాప్రా పురుగు ఉన్న దేశాల నుంచి సామానులో బియ్యం తేవడం ఇక్కడ నిషిద్ధం, మన దేశం ఆ జాబితాలో ఉంది. సోనామసూరి ఇక్కడి ఇండియన్ స్టోర్లలో బస్తాలకు బస్తాలు దొరుకుతుంది. ఇండియా లైసెన్సు ఏడాదిపాటు దేశమంతటా చెల్లుతుందన్న మూడవ సూత్రానికి ఒక్క వాక్యం చాలు: రాష్ట్రానికో నిబంధన ఉంది, ఆర్టీఓలో తీసుకునే అంతర్జాతీయ పర్మిట్ అసలు లైసెన్సుకు తోడే తప్ప దానికి బదులు కాదు. సంపాదన లేకపోతే పన్ను కాగితాల జోలికే పోనక్కరలేదన్నది నాలుగవది. ఒక్క డాలరు సంపాదించకపోయినా ఎఫ్-1 విద్యార్థి పన్ను శాఖకు ఫారం 8843 పంపవలసిందే. ఇల్లు మారితే ఎవరికీ చెప్పనవసరం లేదన్న ఐదవది కూడా తప్పే, పది రోజుల్లోగా యూనివర్సిటీకి తెలియజేయాలి.

ఆరవ సూత్రం దగ్గర కొంచెం ఆగాలి. “ఇన్సూరెన్స్ దండగ, ఎమర్జెన్సీకి వెళితే చట్టప్రకారం ఉచితంగా చూడాల్సిందే” అట. 1986 నాటి ఆ చట్టం, డబ్బు లేదని రోగిని గుమ్మం నుంచి తిప్పి పంపకుండా పరీక్షించి, ప్రాణాపాయం లేని స్థితికి తేవాలని ఆసుపత్రులను ఆదేశిస్తుంది. బిల్లు వేయవద్దని ఎక్కడా చెప్పదు. ఆ బిల్లు నెల తర్వాత తపాలాలో వస్తుంది, డాక్టరుది వేరుగా, అంబులెన్సుది వేరుగా. జ్వరానికి విద్యార్థుల ఆరోగ్య కేంద్రం, కాలు బెణికితే అర్జెంట్ కేర్ అనే చిన్న క్లినిక్, గుండె పట్టేస్తే అత్యవసర నంబరు 911. ఈ మూడింటికీ ఉన్న తేడా తెలియజేసి ఉంటే ఆ సూత్రం ఎవరికైనా పనికివచ్చేది.

ఇక ఏడవది. మిగిలినవన్నీ డబ్బునో, కాలాన్నో తింటాయి, ఇది మనిషినే తింటుంది. యథాతథంగా: “మొదటి సెమిస్టర్ ఖర్చులకు మనవాళ్ళ గ్యాస్ స్టేషన్లో క్యాష్ జాబ్ చూసుకోండి. రికార్డు ఉండదు, అందరూ చేసేదే. కుదరకపోతే క్లాసులకు వెళ్ళక్కరలేని కాలేజీకి మారి సీపీటీ మీద పని చేసుకోండి.”

నిబంధన చాలా సులువైనది. క్యాంపస్‌లో, తరగతులు నడిచే రోజుల్లో, వారానికి 20 గంటలు. బయట పని చేయాలంటే ముందుగా అనుమతి ఉండాలి; సీపీటీ అంటే చదువులో భాగంగా చేసే పనికి ఇచ్చే అలాంటి అనుమతే. తక్కువ కోర్సులు తీసుకుని హోదా పోగొట్టుకున్న విద్యార్థి కారణం చూపి పునరుద్ధరణకు దరఖాస్తు చేసుకోవచ్చు గానీ, అనుమతి లేకుండా పని చేసినవారికి ఆ తలుపు కూడా మూసే ఉంటుంది. రికార్డు ఉండదన్న ధీమా ఇంకా వింతైనది. గ్రీన్ కార్డు దరఖాస్తులో, అనుమతి లేకుండా ఎప్పుడైనా పని చేశారా అని సూటిగా అడుగుతారు. అవునంటే ఒక చిక్కు, కాదని అబద్ధమాడి దొరికితే జీవితకాల నిషేధానికి దారితీయగల చిక్కు. పదేళ్ళ తర్వాత ఎదురయ్యే ఆ ప్రశ్నకు సమాధానం ఫార్వర్డు రాసిన మహానుభావుడు ఏ ఎమోజీతో చెబుతారో చూడాలని ఉంది.

నా రూమ్మేట్ ఆ పని చేశాడు. రాత్రి పదింటికి వెళ్ళి, వెనక గదిలోని కూలర్లో బీరు కేసులు పేర్చి, తెల్లవారి వేళ్ళు కొంకర్లు పోయి వచ్చేవాడు, అన్నం కలుపుకోవడానికి చెంచా పట్టేవాడు. ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్లు. “తమ్ముడూ, మన ఊరివాడివి” అంటూ యజమాని అతనికి ఇచ్చింది ఆరు. చివరి మూడు వారాలకు అదీ ఇవ్వలేదు. అనుమతి లేనివారికి కూడా కనీస వేతన చట్టం వర్తిస్తుంది, కానీ ఫిర్యాదు చేయాలంటే తన తప్పు తానే ఒప్పుకోవాలన్న భయంతో అతను నోరు మెదపలేదు. రికార్డు లేకపోవడం ఎవరికి లాభమో అప్పుడు తెలిసింది.

క్లాసులు లేని కాలేజీ సంగతి మనకు కొత్తదేమీ కాదు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు మన పిల్లల చీలమండలకు రేడియో ట్యాగులు తొడిగిన ఫోటోలు తెలుగు పత్రికలన్నీ వేశాయి. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వంతు వచ్చింది. దాన్ని దర్యాప్తు అధికారులే వలగా పెట్టారు, మొదటి విడతలోనే 129 మంది భారతీయ విద్యార్థులు అందులో చిక్కారు. అయినా “అందరూ చేసేదే” అన్న మాట ఏటా జులైలో కొత్త చొక్కా తొడుక్కుని వస్తూనే ఉంది.

ఎనిమిదవ సూత్రం, చిన్న పరిమితితో క్రెడిట్ కార్డు తీసుకుని నెలనెలా పూర్తిగా కట్టేయమన్నది, సరైనదే. తొమ్మిదవదాన్ని చదివి నవ్వాను: “పళ్ళు చూపించుకుని, రెండు జతల కళ్ళజోళ్ళు చేయించుకుని విమానం ఎక్కండి.” తర్వాత నా మొదటి డిసెంబరు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. మంచు మీద జారి ఉన్న ఒక్క కళ్ళజోడూ పగిలింది, కంటి పరీక్ష చీటీ లేనిదే కొత్తది ఇవ్వమన్నారు, సెమిస్టర్ పరీక్షలు అంటించిన ఫ్రేముతోనే రాశాను. ఈ మాట నాకు అప్పట్లో ఎవరైనా ఫార్వర్డు చేసి ఉంటే బాగుండేది.

ఆ రెండూ ఉంచి మిగిలినవన్నీ తీసేయమని బాబాయికి ఫోన్ చేసి చెప్పాను. ముఖ్యంగా ఏడవది తీసేయమన్నాను. “అలాగేరా” అన్నారు. సాయంత్రం మా కుటుంబం గ్రూపులో తొమ్మిదీ మళ్ళీ వచ్చాయి, కింద “మా అబ్బాయి కూడా చూశాడు” అన్న అదనపు వాక్యంతో.