మా ఆవిడకే లేచే బండి

మా కారు 2004 మోడల్ పెట్రోల్ ఇంజెక్షన్ బండి. ఎండాకాలం నుంచి దానికో రోగం పట్టుకుంది. పొద్దున సెల్ఫ్ కొడితే కిర్ర్ర్ అని ఏడెనిమిది సెకన్లు తిరిగి, ఇక లేవదులే అని నేను చేతులెత్తేసే టైముకు దగ్గుకుంటూ లేస్తుంది. నల్గొండలో మా గల్లీ పిల్లలకు బడి టైమైందని చెప్పేది ఆ చప్పుడే.

అదీ నాకే. మా ఆవిడ కూర్చుంటే ఒక్క సెల్ఫ్‌కే లేస్తుంది! పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పొద్దంతా కదలకుండా ఉండే నీడకైనా ఫిజిక్స్‌లో జవాబు దొరికింది కానీ, నా బండి చూపించే ఈ పక్షపాతానికి దొరకలేదు.

ఎదురింటి రిటైర్డ్ లారీ డ్రైవర్ "రేసు నిండా తొక్కి కొట్టు సారూ" అన్నాడు. కొట్టాను, ఇంకా మొండికేసింది. కార్బురేటర్ బండ్ల నాటి వైద్యం అది. ఇంజెక్షన్ బండ్లు చాలావాటిలో రేసు పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొడితే, ఇంజన్‌లో పెట్రోల్ ఎక్కువైందనుకొని కంప్యూటర్ ఉన్న పెట్రోల్ కూడా ఆపేస్తుంది. మా బామ్మర్ది చేను పని మానుకొని మరీ వచ్చి "బ్యాటరీ ఖతమైంది బావా" అని తేల్చి, కొత్తది కొనిపించి, పాతది "నేను పారేస్తలే" అని పట్టుకుపోయాడు. సెల్ఫ్ అంత జోరుగా తిరుగుతుంటే బ్యాటరీ తప్పెలా అవుతుందని నాకు తట్టలేదు. ప్లగ్గులు కూడా మార్చాను. అత్తమ్మ నిమ్మకాయ కట్టింది, అదొక్కటే చవక.

చివరికి దేవరకొండ రోడ్డులో ఒక మెకానిక్ దగ్గరికి పోతే, బానెట్ ఎత్తకుండానే "ఎవరికి మంచిగ లేస్తది?" అన్నాడు. చెప్పడానికి సిగ్గేసింది.

"అయితే మేడంని తోల్కరాండ్రి."

మేడం వచ్చింది. తాళం సగం తిప్పింది, అద్దాలు దించింది, నా పొడుగుకు సరిపెట్టుకున్న సీటు ముందుకు జరిపింది, మిర్రర్ సర్దింది, యాదగిరి నర్సన్న ఫొటోకు దండం పెట్టింది, అప్పుడు సెల్ఫ్ కొట్టింది. లేచింది. నేనైతే తాళం పెట్టడం, తిప్పడం ఒకటే దెబ్బ.

తాళం సగం తిప్పగానే వెనక ట్యాంకులోని పంపు రెండు మూడు సెకన్లు గుయ్‌మని తిరిగి పైపులో ప్రెషర్ నింపుతుందట. బండి ఆపాక ఆ ప్రెషర్ వెనక్కి జారకుండా పంపులోనే ఒక చిన్న వాల్వు ఉంటుంది, మాదానిది అరిగిపోయింది. గేజి పెట్టి చూపించాడు: ఇంజన్ తిరిగేటప్పుడు 3 బార్ దగ్గరున్న ముల్లు, ఆపిన అయిదు నిమిషాల్లో సున్నాకు పడిపోయింది. ఇంజెక్టర్ కారుతోందేమో అని ప్లగ్గులూ తీశాడు, పొడిగానే ఉన్నాయి. నర్సన్నకు దండం పెట్టే లోపల ఆమెకు ప్రెషర్ నిండేది, ఖాళీ పైపుతో కుస్తీ పట్టింది నేనొక్కణ్ణే. ఆ వాల్వు విడిగా దొరకదని పంపే మార్పించాడు.

రాత్రి బామ్మర్దికి ఫోన్ చేసి పాత బ్యాటరీ ఏం చేశావురా అంటే, "చేనుకాడ కంచెకు షాక్ ఇచ్చే ఝట్కా మిషన్‌కు పెట్టిన బావా, ఏం కొడుతుందో! అడవి పందులు ఇటు దిక్కే చూస్తలేవు" అన్నాడు.