“ఈసారి చలి తక్కువే” అని సంబరపడేవాళ్ళకు

నవంబర్ వచ్చినా టొరంటోలో స్వెటర్‌తో సరిపెట్టుకోగలిగితే చాలు, మనవాళ్ళ ముఖాలు వెలిగిపోతాయి. “ఈసారి చలి తక్కువే, హాయిగా ఉంది” అని ఇంటికి ఫోన్లు చేసి చెప్తారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు టెన్షన్ మొదలవుతుంది. ఇక్కణ్ణుంచి కారులో ఉత్తరానికి మూడు గంటలు వెళ్తే వచ్చే అల్గాంక్విన్ పార్కులో కెనడా జే అనే పక్షి సంసారమంతా ఆ చలి మీదే నడుస్తోంది.

అల్గాంక్విన్ మనకు కొత్తేమీ కాదు. 1893 నుంచి ఉన్న పార్కు, ఏడున్నర వేల చదరపు కిలోమీటర్ల పైన అడవి, చెరువులు. అక్టోబర్ దగ్గర పడితే మేపుల్ ఆకుల ఎరుపు చూడటానికి అందరం వెళ్తాం, పార్కులోంచి పోయే హైవే 60 మీద కార్లు బారులు తీరతాయి. ఆకులు రాలాక ఇక ఎవరూ అటు చూడరు. ఫిబ్రవరిలో వెళ్దామంటే “అక్కడ ఏముందండీ, మంచు తప్ప” అంటారు. ఉంది. ఆ అడవిని అర్థం చేసుకోవాలంటే అసలు వెళ్ళాల్సింది ఫిబ్రవరి చివర్లో, మార్చి మొదట్లోనే అని నేను గట్టిగా నమ్ముతాను.

హైవే పక్కనే స్ప్రూస్ బాగ్ బోర్డ్‌వాక్ అని చిన్న నడక దారి ఉంది. నాచు పేరుకున్న బురద నేల, దాని మీద సన్నగా, బక్కగా పెరిగిన నల్ల స్ప్రూస్ అనే సూదాకుల చెట్లు, అన్నీ మంచు కింద. అక్కడ కాసేపు నిలబడితే బూడిద రంగు పక్షి ఒకటి చప్పుడు లేకుండా జారుతూ వచ్చి దగ్గరి కొమ్మ మీద వాలుతుంది. అదే కెనడా జే. కాకి జాతిదే, బరువు డెబ్భై గ్రాములు. చాలావాటి కాళ్ళకు రంగు రింగులు కనిపిస్తాయి. 1960ల్లో పార్కు నేచురలిస్ట్ రస్ రటర్ మొదలుపెట్టిన పరిశోధనను డాన్ స్ట్రిక్‌లాండ్ దశాబ్దాల పాటు కొనసాగించారు, ఇప్పుడు గ్వెల్ఫ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ రయన్ నోరిస్ బృందం చూసుకుంటోంది. ఏ పక్షి ఎవరి పిల్ల, ఎవరితో జత కట్టింది, ఎన్నేళ్ళు బతికింది, అన్నీ లెక్కలో ఉన్నాయి.

ఈ జే చలికి భయపడి దక్షిణానికి వలస పోదు. ఎండాకాలం, ఆకురాలు కాలం అంతా పురుగులు, బెర్రీలు, పుట్టగొడుగులు, చచ్చిన జంతువుల మాంసం ముక్కలు ఏరుకుని, ఒక్కో ముక్కకూ జిగురు లాంటి లాలాజలం పట్టించి, చెట్ల బెరడు సందుల్లో అంటిస్తుంది. అలా వేల చోట్ల దాచి, చాలావరకు గుర్తుపెట్టుకుంటుంది కూడా. తక్కిన చాలా పక్షులు ఇంకా వసంతం కోసం చూస్తుంటే, ఇది ఫిబ్రవరి, మార్చిల్లోనే గూడు కట్టి గుడ్లు పెడుతుంది. మైనస్ ఇరవైలో కూడా తల్లి గుడ్ల మీంచి లేవదు. పిల్లలు బయటికొచ్చేనాటికి కూడా అడవిలో మంచు ఉంటుంది. వాటి నోట్లో పెట్టేదాంట్లో చాలా భాగం నెలల కిందట దాచిన తిండే.

ఆ తిండి పాడవకుండా ఉండాలంటే చలి పడాలి, పడ్డ చలి నిలవాలి. గడ్డకట్టడం, కరగడం, మళ్ళీ గడ్డకట్టడం జరిగితే దాచినది కుళ్ళుతుంది. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే ఏమవుతుందో మనకు తెలుసు కదా, అదే. 1980ల నుంచి అల్గాంక్విన్ పరిశోధన ప్రాంతంలో జేల సంఖ్య సగానికి పైగా పడిపోయింది. ఆకురాలు కాలంలో కరిగి గడ్డకట్టడాలు ఎక్కువైన ఏడాది తర్వాత పిల్లల పెంపకం దెబ్బతింటోందని పరిశోధకులు లెక్కలతో చూపించారు. స్ప్రూస్ లాంటి సూదాకుల చెట్లు ఎక్కువున్న చోట జంటలు నిలబడ్డాయి, ఆ చెట్ల జిగురే తిండిని కాపాడుతోందని వాళ్ళ అభిప్రాయం. మేపుల్స్ నిండిన చోట్లు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. అంటే మనం అక్టోబర్‌లో ఫోటోలు తీసుకునే కొండలే దీనికి కష్టమైన నేల.

కెనడా జే అంతరించిపోతోందని నేననను. పడమటి వైపు అలాస్కా దాకా ఉంది. కానీ ఈ తూర్పు వైపు అల్గాంక్విన్ దాని రాజ్యానికి దక్షిణపు అంచు దగ్గర ఉంది, వేడి ముందు తగిలేది అంచుకే. “చలి తగ్గితే పక్షులకు మేలే కదా” అనేవాళ్ళకు నా జవాబు ఇదే. చలిని వాడుకుని బతకడం నేర్చిన ప్రాణి నుంచి చలి తీసేస్తే దానికి మేలు చేసినట్టు కాదు.

ఫోటోల కోసం వెళ్ళేవాళ్ళకు ఇంకో మాట, కోపంగానే చెప్తున్నాను. చలికాలం చివర్లో చాలా పక్షుల దగ్గర అదనపు శక్తి ఉండదు, పగలంతా తిన్నది రాత్రి గడవడానికే సరిపోతుంది. బోరియల్ చికాడీ అనే చిన్న పక్షి బయటికి రావాలని ఫోన్‌లో దాని కూత మళ్ళీ మళ్ళీ వినిపించడం, గుడ్లగూబ ఎగిరొచ్చే ఫోటో కోసం షాపులో కొన్న ఎలుకను మంచు మీద వదలడం నేను అసలు ఒప్పుకోను. అడవి కోడి లాంటి స్ప్రూస్ గ్రౌజ్ స్ప్రూస్ సూదులు తింటూ కొమ్మ మీద కదలకుండా కూర్చుంటుంది. అది కదలడం లేదని ఇంకా ఇంకా దగ్గరికి వెళ్ళకండి. జేకి చిప్స్, బ్రెడ్డు పెట్టకండి. అది తీసుకున్నదల్లా అక్కడే తినేయదు, పిల్లల కోసం దాచుకునేదీ అందులోంచే.

స్ప్రూస్ కాయలు బాగా కాసిన ఏడాది క్రాస్‌బిల్స్ అనే చిన్న పక్షులు గుంపులుగా వస్తాయి. కత్తెరలా ఒకదాన్నొకటి దాటిన ముక్కులతో కాయల్లోంచి గింజలు తీసి తింటాయి, నడి చలికాలంలో కూడా పిల్లల్ని పెంచుతాయి. మంచు కరగాలని రోడ్డు మీద చల్లిన ఉప్పు కోసం, ఇసుక రేణువుల కోసం హైవే 60 మీదే వాలతాయి. కారు వచ్చేస్తున్నా సమయానికి లేవక చాలా చచ్చిపోతాయి. రోడ్డు మీద చిన్న పక్షుల గుంపు కనిపిస్తే వేగం తగ్గించండి, అవి లేచేదాకా ఆగండి, వెనక కారువాళ్ళు హారన్ కొట్టినా సరే.