చిన్నక్షరాల సిల్వియా

న్యూజెర్సీ అనగానే మనవాళ్లకు ఎడిసన్ గుర్తొస్తుంది. దోసె హోటళ్లు, గుళ్లు, అక్కడ స్థిరపడ్డ మేనమామ కొడుకు గుర్తొస్తారు. అదే రాష్ట్రంలో, న్యూయార్క్ నుంచి జార్జ్ వాషింగ్టన్ వంతెన దాటగానే కాస్త దూరంలో ఇంగిల్‌వుడ్ అనే చిన్న ఊరుంది. ఈరోజు మన సినిమా పాటల మధ్యలో హీరో ఎంట్రీకి పడే ర్యాప్ మొదటిసారి అమ్ముడుపోయే సరుకుగా మారింది ఆ ఊళ్లోనే. మార్చింది సిల్వియా రాబిన్సన్. అప్పటికి ఆమెకు నలభై దాటాయి. ముగ్గురు కొడుకుల తల్లి. భర్త జో రాబిన్సన్‌తో కలిసి నడుపుతున్న పాత రికార్డు కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది.

ర్యాప్‌కు పుట్టిల్లయిన హిప్‌హాప్ చరిత్ర చెప్పేవాళ్లు మగవాళ్ల పేర్లు గడగడా చదివేస్తారు. డీజేలు కూల్ హెర్క్, గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్, ఆ తర్వాత డెఫ్ జామ్ కంపెనీ పెట్టిన రస్సెల్ సిమన్స్, రిక్ రూబిన్. డెఫ్ జామ్ పుట్టింది 1984లో. సిల్వియా, భర్త కలిసి పెట్టిన కొత్త కంపెనీ షుగర్ హిల్ రికార్డ్స్ అప్పటికే అయిదేళ్ల పాతది. అంతెందుకు, హిప్‌హాప్ పుట్టినరోజుగా అందరూ జరుపుకునే 1973 ఆగస్టు 11 నాటి న్యూయార్క్ బ్రాంక్స్ పేట పార్టీని తలపెట్టింది కూల్ హెర్క్ చెల్లెలు సిండీ క్యాంప్‌బెల్. బడి తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవాలని ఆ అమ్మాయి ఆశ. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు టికెట్ పెట్టింది. డబ్బు లెక్క చూసుకున్నది ఆమె, చరిత్రలో పేరు మాత్రం అక్కడ పాటలు వేసిన అన్నయ్యది.

సిల్వియాకు పాట కొత్త కాదు. న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో పుట్టి, పద్నాలుగు పదిహేనేళ్ల వయసులోనే లిటిల్ సిల్వియా పేరుతో రికార్డులు పాడారు. మికీ బేకర్ దగ్గర గిటార్ నేర్చుకుని, అతనితో కలిసి పాడిన 'లవ్ ఈజ్ స్ట్రేంజ్' 1957లో రిథమ్ అండ్ బ్లూస్ చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది. 1961లో ఐక్, టీనా టర్నర్ అనే గాయక జంట హిట్ పాట ఒకదానికి రికార్డింగ్ నడిపిందీ, గిటార్ వాయించిందీ తానేనని ఆమె తర్వాత చెప్పుకున్నారు. రికార్డు మీద మాత్రం ఆమె పేరు లేదు. 1973లో 'పిల్లో టాక్' రాసి గాయకుడు ఆల్ గ్రీన్‌కు ఇస్తే, మరీ శృంగారంగా ఉందని అతను వద్దన్నాడు. సరే నేనే పాడతానని పాడేశారు. అది పాప్ చార్టులో మూడో స్థానం దాకా పోయింది. ఇలాంటి మనిషి 1979లో ర్యాప్‌ను రికార్డు చేస్తే దాన్ని ఇప్పటికీ 'అదృష్టం' అనేవాళ్లున్నారు. ఇరవై ఏళ్లకు పైగా స్టూడియోలో పండిన చెవిని అదృష్టం అనడం మగవాళ్ల విషయంలో ఎందుకో అంతగా వినపడదు.

ఆ ఏడాది హార్లెమ్ వరల్డ్ అనే క్లబ్బులో ఒక పార్టీకి వెళ్లిన సిల్వియా, లవ్‌బగ్ స్టార్‌స్కీ అనే డీజే పాట మీద మాటలు అల్లుతుంటే జనం ఊగిపోవడం చూశారు. బ్రాంక్స్ కుర్రాళ్లకు అది రోజూ ఉండే సరదా. పార్టీలో చేసేదాన్ని డబ్బులిచ్చి రికార్డు మీద ఎవరు కొంటారని వాళ్లలో చాలామంది అనుకున్నారు. కొంటారని ఆమెకు అనిపించింది. కొడుకు జోయీని వెంటపెట్టుకుని ఇంగిల్‌వుడ్‌లోనే వెతికారు. పిజ్జా కొట్లో పనిచేసే హ్యాంక్ అనే భారీ మనిషి, పిండి అంటిన ఏప్రన్‌తోనే వచ్చి కారులో కూర్చుని, టేపు మీద ర్యాప్ చేసి చూపించాడు. ఇంతలో వండర్ మైక్, మాస్టర్ జీ కూడా వచ్చి చేరారు. అలా కారులోనే కుదిరింది షుగర్‌హిల్ గ్యాంగ్. ఒకరినొకరు సరిగా ఎరగని ముగ్గురు.

షిక్ అనే డిస్కో బృందం అప్పుడే హిట్ చేసిన పాటలోని బేస్ గిటార్ వరసను స్టూడియో వాయిద్యకారులు మళ్లీ వాయిస్తుంటే, ముగ్గురూ ఒకే టేకులో చెప్పుకుపోయారు. ఎవరి వంతు వస్తే వారి వైపు సిల్వియా వేలు చూపించేవారట. 'ర్యాపర్స్ డిలైట్' నిడివి పద్నాలుగున్నర నిమిషాలు. మూడు నిమిషాల పాటకు అలవాటుపడ్డ రేడియోకు అంత పొడుగు ఎలా ఎక్కుతుందని ఎవరికైనా టెన్షన్ పట్టుకుంటుంది. ఆమె కత్తిరించలేదు. సెప్టెంబరులో విడుదలైన ఆ పాట అమెరికా పాప్ చార్టులో 36వ స్థానానికి చేరింది. ర్యాప్ పాట టాప్ 40లోకి రావడం అదే మొదలు. అదే ఏడాది దక్షిణ కరోలినాకు చెందిన ముగ్గురు అమ్మాయిలతో 'ది సీక్వెన్స్' బృందం రికార్డు కూడా తెచ్చారు.

మా దృష్టిలో ఆమె అసలు గొప్పతనం తెలిసేది 1982 నాటి 'ది మెసేజ్' దగ్గర. గాజు పెంకులు, ఎలుకలు, బొద్దింకలు, వాయిదాలు కట్టలేదని బండి లాక్కుపోయేవాళ్లు, ఇదీ ఆ పాట. కంపెనీలో తాళవాద్యాలు వాయించే ఎడ్ ఫ్లెచర్ మొదట రాసుకొచ్చాడు. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందానికి నచ్చలేదు. డాన్స్ చేయడానికి వచ్చినవాళ్లకు ఇంటి కష్టాలు ఎందుకని వాళ్ల వాదన, అందులో న్యాయం లేకపోలేదు. సిల్వియా పట్టు వదల్లేదు. చివరికి ఆ బృందంలోని మెలీ మెల్, ఫ్లెచర్ గొంతులతో పూర్తిచేయించి బృందం పేరు మీదే విడుదల చేశారు. 2002లో అమెరికా జాతీయ రికార్డింగ్ రిజిస్ట్రీ తొలి యాభై రికార్డుల్లో చోటు దక్కిన ఏకైక హిప్‌హాప్ పాట అదే. ర్యాప్ పేదవాడి గురించి మాట్లాడగలదని లోకానికి తెలిసిన పాటను, పాడాల్సినవాళ్లే వద్దంటున్నా నిలబెట్టింది ఆమె మొండితనం.

అలాగని ఆమెను దేవతను చేసి గూట్లో కూర్చోబెట్టాలని మేము అనడం లేదు. రాయల్టీలు సరిగా ఇవ్వలేదని షుగర్ హిల్ కళాకారులు ఎందరో మొత్తుకున్నారు. 1983లో ఫ్లాష్ కోర్టుకెక్కాడు. షిక్ బృందానికి చెందిన నైల్ రోడ్జర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ దావా వేస్తామన్న తర్వాతే 'ర్యాపర్స్ డిలైట్' మీద రచయితలుగా వాళ్ల పేర్లు చేరాయి. కంపెనీకి పెట్టుబడి పెట్టిన మోరిస్ లెవీ సంగీత వ్యాపారంలో మంచి పేరున్న మనిషి కాడు. తన పని మీద తన పేరు లేకపోతే ఎలా ఉంటుందో బాగా తెలిసిన సిల్వియా, ఇంకొకరి విషయంలో దాన్ని మరిచిపోవడం మింగుడుపడని సంగతే. అయితే ఇదే లెక్కలు, ఇదే పద్ధతులు ఆనాటి చాలా రికార్డు కంపెనీల్లో ఉండేవి. ఆ యజమానులను వ్యవస్థాపకులంటూ పుస్తకాలు రాసినవాళ్లు ఈమె దగ్గరకొచ్చేసరికి 'జో రాబిన్సన్ భార్య' అని ఒక్క వాక్యంలో ముగించారు. తిట్టాలన్నా పూర్తి పేరుతోనే తిట్టాలి కదా.

కంపెనీ 1980ల మధ్యలో మూతపడింది. 2002లో ఇంగిల్‌వుడ్ స్టూడియో కాలిపోయింది. ఆమె 2011 సెప్టెంబరులో కన్నుమూశారు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ 2007లోనే గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందానికి తలుపు తీసింది. వాళ్ల పేరు మీద 'ది మెసేజ్' తెచ్చిన మనిషికి తీసింది 2022లో, అంటే ఆమె పోయిన పదకొండేళ్లకు.

ఆమె పేరును పెద్దక్షరాల్లోకి తెచ్చేటప్పుడే ఇంకో పేరు కూడా రాయాలి. పిజ్జా కొట్టు హ్యాంక్ ఆ రోజు చదివిన పంక్తులు అతనివి కావు. అవి బ్రాంక్స్ ర్యాపర్ గ్రాండ్‌మాస్టర్ కాజ్ నోట్‌బుక్‌లోవి. కాజ్‌కు అప్పట్లో కాసనోవా ఫ్లై అని ఇంకో పేరుండేది. రికార్డు మీద ఆ పేరు ఎక్కడా లేదు. పాటలో మాత్రం ఉంది. పంక్తులు మార్చుకోవాలని కూడా తోచని హ్యాంక్ తన వంతు రాగానే 'కాసనోవా' అని ఒక్కో అక్షరమే విడమరిచి, చివర 'ఫ్లై' అని కూడా చేర్చి చెబుతాడు. ఇప్పుడు పెట్టుకుని విన్నా స్పష్టంగా వినిపిస్తుంది.