కుక్కకి మన టెన్షన్ బిళ్ళా?

సిరిమానోత్సవం అయిన దగ్గర్నుంచి విజయనగరంలో ఏ గ్రూపు తెరిచినా ఇదే మెసేజ్. "దీపావళి బాంబులకి కుక్క వణికితే మనం వేసుకునే డైజిపామ్ సగం బిళ్ళ అన్నంలో కలిపి పెట్టండి, హాయిగా పడుకుంటుంది, మనుషుల మందే కాబట్టి ఏమీ కాదు, ఎలుకల మీద ఎప్పుడో రుజువైంది." పోయినేడాది మా వీధిలో ఒకరు ఇలాగే పెట్టారు, అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు ఎలుకల సంగతి. ఎత్తుగా ప్లస్ గుర్తు ఆకారంలో ఒక బల్ల ఉంటుంది, రెండు దారులకి గోడలుంటాయి, రెండింటికి ఉండవు. మామూలు ఎలుక గోడల చాటు వదలదు, డైజిపామ్ ఇచ్చింది గోడల్లేని వైపుకీ వస్తుంది. అక్కడ రుజువైంది జంకు తగ్గడం, హాయిగా పడుకోవడం కాదు. స్వీడన్‌లో 2013లో ఇదే కుటుంబానికి చెందిన ఆక్సజెపామ్‌ని పెర్చ్ చేపలున్న నీళ్లలో కలిపి చూస్తే అవి గుంపుని వదిలేసి, దాక్కోవడం మానేసి, గబగబా తిన్నాయట. పెద్ద చేపకి ఇంకేం కావాలి!

కుక్కలోనూ అంతే, భయపడి కరవకుండా ఆగేదానికి ఆ జంకు పోతే ఏమవుతుందో చెప్పలేం. మా వీధిలో బిళ్ళ పెట్టిన ఆ ఇంటి కుక్క పడుకోలేదు సరికదా, కాళ్లు తడబడుతూనే ఇల్లంతా తిరిగి, ఉన్న గిన్నెలన్నీ నాకి, రోజూ అన్నం పెట్టే మామ్మగారి మీదకే గుర్రుమంది.

ఇక "మనుషుల మందే" అన్న మాట. డైజిపామ్ కుక్క ఒంట్లోంచి మనకంటే చాలా తొందరగా పోతుంది, టపాకాయలేమో అర్ధరాత్రి దాకా ఆగవు. పిల్లుల విషయం ఇంకా ఘోరం, కొన్ని రోజులు నోటిద్వారా ఇస్తే కొన్నింటికి కాలేయం పాడై చచ్చిపోయాయని 1996లోనే పశువైద్య పత్రికల్లో వచ్చింది. అదీకాక ఇది షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా షాపువాడు అమ్మనే కూడదు.

పశువుల డాక్టర్లు ఇలాంటివి అసలు ఇవ్వరా అంటే, ఇస్తారు, ఆల్ప్రజోలామ్ ఇస్తారు. కానీ బరువు చూసి, మోత మొదలవకముందే, వీలైతే పండక్కి ముందే ఒకసారి వేసి ఎలా పడుతుందో చూడమంటారు. మెసేజేమో వణుకు మొదలయ్యాక వెయ్యమంటోంది!

ఈసారి ఆ ఇంటివాళ్లు ముందుగానే పశువుల ఆస్పత్రికి వెళ్లొచ్చారు. మామ్మగారు మాత్రం అన్నం గిన్నె ఇంకా దూరం నుంచే తోస్తున్నారు.