మహారాజశ్రీ రెండు గారికి

మహారాజశ్రీ డైనమిక్ లోడ్ ఫ్యాక్టర్ రెండు గారి సముఖమునకు, హైదరాబాద్ మాదాపూర్ నుంచి పైపు స్ట్రెస్ ఇంజినీర్లు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. హఠాత్తుగా పడే బలాన్ని రెండింతలు చేసి లెక్కించమనే తమ దయవల్ల లైన్లకు అడుగడుగునా పైపును కదలనివ్వని స్టాపులు వెల్డింగ్ చేయించాం కాబట్టి కదిలే వీలు కూడా లేదు.

ఈ ఊళ్లో డీఎల్‌ఎఫ్ అంటే గచ్చిబౌలిలో అర్ధరాత్రి టిఫిన్లు దొరికే వీధి గుర్తొస్తుంది. మాకు మాత్రం డైనమిక్ లోడ్ ఫ్యాక్టర్ అయిన తమరే. నిన్న అమీర్‌పేటలో కోర్సు ముగించిన కుర్రాడైనా, జుట్టు నెరిసిన లీడ్ అయినా, పారే నీరు ఠక్కున ఆగి పైపును సుత్తిలా కొట్టే వాటర్ హ్యామర్ అనగానే తమ నామస్మరణే.

పూజావిధానం తేలిక. రష్యా శాస్త్రవేత్త జుకోవ్‌స్కీ మాస్కో నీటి పైపుల మీద ప్రయోగాలు చేసి 1898లో పీడనం ఎంత పెరుగుతుందో చెప్పే సూత్రం ఇచ్చాడు: నీటి సాంద్రతను పీడన తరంగ వేగంతో, నీటి వేగంలో వచ్చిన మార్పుతో గుణించాలి. సెకనుకు 2 మీటర్లు పారే నీరు ఠక్కున ఆగితే, తరంగ వేగం సెకనుకు 1200 మీటర్లు అనుకుంటే 24 బార్ పీడనం. 10 అంగుళాల పైపు లోపలి వైశాల్యం 0.05 చదరపు మీటర్లు, కనుక ఎల్బో, అంటే పైపు మలుపు, మీద 12 టన్నుల బలం. తమరు చేయి వేస్తే 24. దాన్ని సాఫ్ట్‌వేర్‌లో ఎఫ్1 అనే బలంగా మోపి, స్ట్రెస్ మామూలు అనుమతికి 1.33 రెట్ల హద్దు దాటకపోతే సంతకం.

ఆ 'ఠక్కున' ఎంతసేపో తమరు ఎన్నడూ అడగరు. 600 మీటర్ల లైనులో తరంగం వెళ్లి తిరిగి రావడానికి 1 సెకను. వాల్వు అంతకంటే నిదానంగా మూసుకుంటే 24 బార్ పూర్తిగా రాదు. అలాగని డేటాషీట్‌లో 5 సెకన్లు చూసి మురిసిపోనూ కూడదు. చాలా వాల్వులు ప్రవాహాన్ని నిజంగా నొక్కేది చివరి కాస్త తిరుగుడులోనే.

అసలు సంగతి రెండు ఎల్బోల మధ్య ఉంది. 12 మీటర్ల ముక్కను తరంగం 0.01 సెకనులో దాటేస్తుంది. మొదటి ఎల్బోను నెట్టినట్టే రెండోదాన్నీ ఎదురు దిక్కుకు నెడుతుంది, లెక్క చెల్లు. పీడనం పెరగడానికే 0.1 సెకను పడితే రెండు చివర్ల మధ్య తేడా పదో వంతు, అంటే 1.2 టన్నులు. తరంగం ఒక్క ఉదుటున వచ్చి 12 టన్నులూ పడినా, 4 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు నాలుగుసార్లు, ఊగే పైపుకు ఆ ఒక్క దెబ్బ గుణకం పావు. తమరు అక్కడ ఎనిమిదింతలు. గోటితో పోయేదానికి గొడ్డలి.

పోనీ, ఎక్కువ పడితే మంచిదేగా అంటారు. గొడ్డలి ఊరికే రాదు. వేడి లైనుకు స్టాపు వేస్తే, 100 డిగ్రీలు వేడెక్కిన 30 మీటర్ల కార్బన్ స్టీలు సాగాల్సిన 36 మిల్లీమీటర్లు ఎటు పోవాలి? పంపుకు పైపు కలిసే నాజిల్ మీదికి.

ఇంకో చోద్యం. ఒకే ముక్కకు రెండు ఎల్బోల మీదా ఒకేసారి బలం మోపితే అవి కొట్టేసుకుంటాయి. స్టాపు లోడు సున్నా, రిపోర్టు పచ్చగా ఉంటుంది. అందుకే ముక్కకొక లెక్క (కేసు), దిక్కుకొక కేసు వేయాలి. లైను నడిచేటప్పటి బరువు, వేడి, పీడనాల ఆపరేటింగ్‌తో ఎఫ్1 కలిపిన కేసులోంచి ఆపరేటింగ్‌ను తీసేసి తేడా పట్టుకోవాలి. 

ఇక తమరు చాలని చోట్లు. తరంగం అటూ ఇటూ తిరుగుతూ పైపు ఊపుతో తాళం కలిపితే గుణకం రెండు దాటుతుంది. పైపును పక్కకు పోనివ్వని గైడు దగ్గర 3 మిల్లీమీటర్ల సందుంటే పైపు ఊగి వచ్చి గుద్దుతుంది. పంపు ట్రిప్పయి, నీటి స్తంభం తెగి, ఆవిరి బుడగ కూలితే జుకోవ్‌స్కీ అంకె కూడా చాలదు.

పంపు ఆగితే ఏమవుతుందో మన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు బాగా తెలుసు. సంపు మోటారు ఆపిన ప్రతిసారీ రైజర్ పైపు 'ఢాం' అంటుంది. నీరు వెనక్కి తిరిగి, వేగం అందుకున్నాక, దాన్ని వెనక్కి పోనివ్వని చెక్ వాల్వు తలుపు పడిన చప్పుడది. స్ప్రింగు ఉన్న చెక్ వాల్వు నీరు వెనక్కి మళ్లకముందే మూసుకుంటుంది. వెయ్యాల్సింది అదీ, స్టాపు కాదు.

కాబట్టి తమరు తొలి అంచనాకు, చిన్న లైన్లకు వేంచేసి ఉండండి. పొడవైన లైన్లకు పీడనం క్షణక్షణం ఎలా మారుతుందో చూసే సర్జ్ లెక్క చేసి, ముక్కముక్కకూ బలం-కాలం పట్టిక తీసి, దాంతో పైపు ఊపును క్షణక్షణం లెక్కించే టైమ్ హిస్టరీ నడుపుతాం.

చిత్తగించవలెను.

తాజా కలం: రిపోర్టు రేపు సాయంత్రానికల్లా కావాలని ఇప్పుడే మెయిల్ వచ్చింది. సర్జ్ లెక్కకు రెండు వారాలు పడుతుంది. కనుక ఈ ఒక్కసారికి తమరే దయచేయాలి.